కుర్చీలో కూర్చున్నవాడు

పోయిన వారం గెథిన్ రోసర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు.

పత్రిక పక్కింటివాళ్ళకిచ్చి మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. గెథిన్ మా వేల్స్ లోయలవాడు, ట్రెడీగర్ మనిషి. నలభై దాటాయి. మీసాలు రాని వయసు నుంచీ స్నూకరే కూడూ గుడ్డా. పెద్ద కప్పు ఏదీ ఎత్తలేదు, టీవీలో మొహం కనిపించింది కూడా తక్కువే. అయినా ఇన్నేళ్ళూ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ టూర్‌లోంచి జారిపోకుండా వేలాడుతూ వచ్చాడు. ఇప్పుడు జారబోతున్నాడు. ర్యాంకుల్లో మొదటి అరవై నలుగురికే వచ్చే ఏడు ఆడే కార్డు దక్కుతుంది. మిగిలినవాళ్ళు ఇంటికి.

టెల్ఫర్డ్‌లో జరుగుతున్న ఈ సెవర్న్ ఓపెన్ అతనికి ఆఖరి ర్యాంకింగ్ టోర్నీ. మొదటి రౌండులోనే ఎదురుపడ్డవాడెవడయ్యా అంటే డెల్విన్ ప్రోబర్ట్. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి, ఒకే క్లబ్బు. పట్టికలో కూడా పక్కపక్కనే, ఆ అరవై నాలుగో గీతకి అటొకడు ఇటొకడు. ఈ మ్యాచ్ గెలిచినవాడు లోపల ఉంటాడు, ఓడినవాడు బయటికి పోతాడు. ఇద్దరికీ చోటు లేదు.

ముందు నాలుగు ఫ్రేములు, అంటే నాలుగు ఆటలు, ఎవరు గెలిస్తే మ్యాచ్ వాళ్ళది. గెథిన్ రెండు గెలిచాడు, డెల్ ఒకటి. నాలుగో ఫ్రేములో డెల్ వంగి బంతిని కొట్టే క్యూ కర్ర సర్దుకుంటుండగా బల్ల మీద ఆనించిన అతని ఎడమచేతి చిటికెన వేలు ఒక ఎర్రబంతికి తగిలింది. బంతి కదిలింది. రెఫరీ మిసెస్ విట్‌కాంబ్ అవతలివైపు నల్లబంతిని దాని చుక్క మీద పెడుతోంది. చూసినవాడు గెథిన్ ఒక్కడే. అక్కడ ఆపాం.

చూసినవాడు అరవచ్చు కదా అంటారు మీరు. అరవకూడదు. మా లోయల్లో పిల్లలకి క్యూ పట్టుకోవడం కంటే ముందు నేర్పేది ఒకటుంది. బంతికి నీ వేలు తగిలినా, చొక్కా అంచు తగిలినా, లోకంలో ఇంకెవడూ చూడకపోయినా నువ్వే చెయ్యెత్తి ఫౌల్ అని చెప్పుకోవాలి. చెప్పుకుని, వంతు వదులుకుని వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి. ఎదుటివాడు నోరెత్తడు. ఎత్తాడంటే నిన్ను దొంగా అన్నట్టే. మా క్లబ్బులో ఒకాయన కుర్రతనంలో ఒక్కసారి చెప్పుకోలేదు. ఆయన పోయి చాలాకాలమైంది, అయినా ఇప్పటికీ ఆయన పేరెత్తితే బారు దగ్గర మాటలు ఆగిపోతాయి.

అందుకని గెథిన్ కూర్చున్నాడు. చెబుతాడులే అనుకున్నాడు. ఈ షాట్ అయ్యాక చెబుతాడు. డెల్ ఆ షాట్ ఆడాడు. బంతి పాకెట్లో పడింది. డెల్ క్యూ చివరికి సుద్ద రాసుకుని తర్వాతి బంతి వైపు నడిచాడు. మొహంలో ఏమీ లేదు. పాలప్యాకెట్ కోసం బయల్దేరిన మనిషి మొహంలా ఉంది.

ఈ ఆటలో కుర్చీ అంత దిక్కుమాలిన చోటు ఇంకొకటి లేదు. ఫుట్‌బాల్లో అయితే పరిగెత్తి అడ్డం పడొచ్చు. బాక్సింగులో దెబ్బలు తింటూనైనా ఒకటి ఇచ్చుకోవచ్చు. ఇక్కడ ఎదుటివాడు నీ బతుకుని ఒక్కొక్క బంతిగా పాకెట్లో వేస్తుంటే నువ్వు గ్లాసులో నీళ్ళు తాగుతూ మర్యాదగా చూడాలి. మెడలో బో టై, ఒంటిమీద వెయిస్ట్‌కోటు, కాళ్ళకి మెరిసే బూట్లు. పెళ్ళికి పిలిచి వడ్డన మర్చిపోయినట్టు కూర్చోవాలి.

అందులోనూ అది ఏడో నంబరు బల్ల. కెమెరాలూ లైట్లూ అన్నీ ఒకటో బల్లకే. ఇక్కడ తెరల మధ్య ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురో అయిదుగురో జనం, అందులో ఒకాయన గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నాడు. పక్క తెర వెనక ఎవడో మంచి షాట్ కొట్టినట్టున్నాడు, చప్పట్లు మోగాయి. ఈ లోకంలో ఇప్పుడు తనకి ఏం జరుగుతోందో తెలిసిన ప్రాణి ఒక్కటి కూడా లేదని గెథిన్‌కి అనిపించింది. ఏడుపొచ్చినంత పనైంది. నీళ్ళు తాగాడు.

డెల్ బల్ల మొత్తం ఊడ్చేశాడు. రెండూ రెండు అయింది. మిసెస్ విట్‌కాంబ్ తెల్ల గ్లౌజులు సర్దుకుని స్కోరు చెప్పి, విరామం అంది.

టెల్ఫర్డ్ స్పోర్ట్స్ సెంటర్లో ఆటగాళ్ళకిచ్చిన గది నిజానికి ఈతకొలను వాళ్ళు బట్టలు మార్చుకునేది. గోడలకి కొక్కేలు, కింద తడి, క్లోరిన్ వాసన. అవతలి గోడకి ఆనుకుని పిల్లలు నీళ్ళలో దూకుతున్న కేకలు. మూల బల్ల మీద వేడినీళ్ళ డబ్బా, కాగితం కప్పులు. డెల్ ఒక కప్పులో టీ కలుపుకుని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో బిస్కట్ ప్యాకెట్ వెతుక్కుంటున్నాడు. గెథిన్ లోపలికొచ్చి తలుపు మూశాడు.

"ఏంట్రా, చెప్పుకోవా?"

"ఏం చెప్పుకోవాలి?"

"ఎర్రబంతి. నీలం పక్కన ఉన్నది. నీ చిటికెన వేలు తగిలింది. కదిలింది."

డెల్ బిస్కట్ కొరికాడు. "తగల్లేదే."

"నేను చూశాను."

"తగిల్తే నాకు తెలీదా? నా వేలా, నీ వేలా?"

"నీ వేలే. నా వేలైతే ఆ క్షణమే చెయ్యెత్తి కుర్చీలో పడేవాణ్ణి. నీకు నాకూ ఒకే మనిషి నేర్పాడు ఆట. మర్చిపోయావా?"

"గెత్, గొంతు తగ్గించు. పక్కన పిల్లలున్నారు."

"పిల్లలు వింటే మంచిదే. సిగ్గుండాలి. ఆ నేర్పిన మీ నాన్న బతికుంటే అదే క్యూతో నీ వీపు విమానం మోత మోగించేవాడు."

"మా నాన్న ఊసెత్తకు." డెల్ మొహం ఎర్రబడింది. "ఓడిపోతావని భయమేస్తే భయమేస్తోందని చెప్పు. అంతేగాని నన్ను దొంగని చెయ్యకు. ఇరవై ఏళ్ళలో ఒక్కనాడన్నా దాచానా?"

"రెండేళ్ళ కిందటి వరకూ దాచలేదు. ఆ తర్వాత సంగతి నాకేం తెలుసు? నా మొహం చూడటమే మానేశావుగా!"

అసలు మంట అక్కడుంది. వీళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళు ఒకే కారులో తిరిగారు. ప్రెస్టన్ అయినా, బార్న్స్‌లీ అయినా, వాన కురిసినా మంచు పడినా డెల్ కారు నడుపుతాడు, గెథిన్ మ్యాప్ తప్పు చదువుతాడు. ఒకే గది, రెండు మంచాలు. డెల్ భార్య మెయిర్ డబ్బాలో పెట్టిచ్చిన ఎండుద్రాక్ష రొట్టెలు చెరిసగం. గెథిన్‌ని భార్య రియాన్ వదిలేసి వెళ్ళిన ఏడాది మొత్తం అతన్ని మనిషిలా నిలబెట్టింది ఆ కారే. తర్వాత ఒకరోజు డెల్ ఫోన్ చేసి, ఈసారి నేను విడిగా వస్తాలే అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత ఏ టోర్నీకీ కలిసి వెళ్ళలేదు.

అప్పట్నుంచి గెథిన్‌ది ఒంటి బతుకు. రోడ్డుపక్క హోటల్లో గది. పెట్రోల్ బంకులో కొన్న చల్లటి శాండ్‌విచ్. ఊళ్ళో ఉన్నా టైర్ల కొట్టు వెనక షెడ్డులో ఒక్కడే బల్ల చుట్టూ తిరుగుతూ ప్రాక్టీసు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి రేపు వాన పడుతుందంటే సరేనమ్మా అని జవాబు చెప్పే అలవాటు కూడా అయింది. ఒకసారి గొడుగుందిలే అని కూడా అన్నాడు. అనేసి, గదిలో ఒక్కడే ఉన్నానని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

"దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు డెల్. "తప్పుకో, నా టీ చల్లారిపోతుంది."

"తప్పుకోను. నా మొహం చూసి చెప్పు. తగిలిందా, లేదా?"

డెల్ పక్కనుంచి పోబోయాడు. గెథిన్ భుజం అడ్డం పెట్టాడు. కప్పు నలిగింది. పొగలు కక్కుతున్న టీ సగం గెథిన్ చొక్కా చెయ్యి మీద, సగం డెల్ వేళ్ళ మీద పడింది.

"అబ్బా!" అని గెథిన్ గెంతాడు. చెయ్యి విదిలించుకున్నాడు, చొక్కా లాక్కున్నాడు, నోటికొచ్చింది తిట్టాడు. తిడుతూ తిడుతూ ఆగిపోయాడు.

డెల్ కప్పు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. టీ అతని చిటికెన వేలి మీదుగా, ఉంగరం వేలి మీదుగా కారుతోంది. ఆ రెండు వేళ్ళూ ఎర్రగా కందిపోతున్నాయి. డెల్ చూపు మాత్రం గెథిన్ తడిసిన చొక్కా మీద ఉంది.

"కాలిందా?" అని అడిగాడు డెల్, నిజంగానే కంగారుపడి.

"నా సంగతి తర్వాత. నీ చెయ్యి చూసుకోరా!"

డెల్ చూసుకున్నాడు. చూసుకున్నాక గాని తెలియలేదు. గభాలున కప్పు బల్ల మీద పెట్టి చేతిని వెనక్కి దాచుకున్నాడు. చిన్నపిల్లలు చేసే పని. దాచుకుని ఏం లాభం, గెథిన్ చూడనే చూశాడు.

"ఇటివ్వు."

"ఏం లేదు."

"ఇటివ్వమన్నానా!"

ఆ మోచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళాడు. చన్నీళ్ళు తిప్పి, ఆ వేళ్ళని తనే పట్టుకుని ధార కింద పెట్టాడు. చిటికెన వేలిని గట్టిగా గిల్లాడు. డెల్ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"గిల్లాను," అన్నాడు గెథిన్.

"ఓహో."

"ఎప్పట్నుంచి?"

 అవతల ఎవరో దబ్బున నీళ్ళలో దూకారు, పిల్లలు గోల చేశారు.

"మొదట చీమలు పాకినట్టుండేది," అన్నాడు డెల్. "రెండేళ్ళవుతోంది. తర్వాత ఆ చీమలు కూడా పోయాయి. మోచేతి దగ్గర నరం నలిగిపోయిందట. కోసి సరిచేస్తామంటున్నారు. సరవ్వచ్చు, ఉన్నదీ పోవచ్చు. మిగతా మూడు వేళ్ళూ బానే ఉన్నాయి, వాటితో నెట్టుకొస్తున్నా."

"మెయిర్‌కి తెలుసా?"

"తెలీకుండా ఎలా? ఇదిగో." డెల్ మెడ దగ్గర బో టైని లాగాడు. ముడి లేదు, క్లిప్పు. వెయిస్ట్‌కోటు అంచు తిప్పి చూపించాడు. పైకి గుండీలే, లోపల అన్నీ టిచ్ బటన్లు. "తనే కుట్టింది. నొక్కితే చాలు. బూట్లు మాత్రం పొద్దున్నే కట్టి పంపిస్తుంది. తను రాని ఊళ్ళో అయితే లేసులు విప్పకుండానే కాలు దూరుస్తా."

గెథిన్ ఆ టిచ్ బటన్లకేసి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు తట్టింది.

"అందుకేనా? నాతో రావడం మానేసింది అందుకేనా?"

"ఒకే గదిలో ఉంటాం కదరా. పొద్దున లేచి ఎదురెదురుగా కూర్చుని బట్టలు వేసుకుంటాం. నేను చొక్కా గుండీతో కుస్తీ పడుతుంటే నీకు తెలిసిపోదూ?"

"తెలిస్తే ఏమయ్యేది? ఊరంతా దండోరా వేసేవాణ్ణా?"

"జాలిపడేవాడివి. నాతో ఆడాల్సొచ్చినప్పుడు చెయ్యి మెత్తబడేది నీకు. నాకది అక్కర్లేదు."

"రెండేళ్ళురా, డెల్."  గెథిన్ కోపంగా అందామని చూశాడు గాని కుదరలేదు. "నేనేం పాపం చేశానా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. కారులో సిగరెట్ బూడిద పోశాననా? మెయిర్‌ని ఏమైనా అన్నాననా? నీ పుట్టినరోజుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్రిస్మస్‌కి మీ గుమ్మం దాకా వచ్చి, లోపల మీ నవ్వులు విని, బెల్లు కొట్టకుండా వెనక్కి పోయాను. తెలుసా నీకు?"

"తెలీదు."

"తెలీదట!"

"ఎత్తితే చెప్పేసేవాణ్ణి గెత్. నీ గొంతు వింటే ఆగలేను. అందుకే ఎత్తలేదు."

స్నేహితుడు తనని వదిలేయలేదన్నమాట. అది విని సంతోషించాలో, వీణ్ణి పట్టుకుని నాలుగు తన్నాలో గెథిన్‌కి తోచలేదు. రెండూ చెయ్యాలనిపించింది. కుళాయి కట్టేశాడు.

డెల్ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "అయితే నిజంగానే తగిలిందన్నమాట," అన్నాడు మెల్లగా. మొహం పాలిపోయింది. "నాకు తెలీలేదు. ఒట్టు. అంటే ఆ ఫ్రేము నాది కాదు. ఇన్నాళ్ళలో ఇంకెన్ని..." ఆగి, తువ్వాలు విసిరేసి తలుపు వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"విట్‌కాంబ్ దగ్గరికి. చెప్పేస్తా."

"ఒరేయ్, ఆగు. ఫ్రేము అయిపోయింది. స్కోరు బోర్డెక్కింది. ఇక దేవుడొచ్చి చెప్పినా మార్చరు."

"మార్చకపోయినా చెప్పాలి."

"చెబితే, నీకెందుకు తెలీలేదయ్యా అంటుంది. అప్పుడేం చెబుతావు? చేతి సంగతి బయటపడుతుంది. రేప్పొద్దున్నుంచి నీతో ఆడే ప్రతివాడూ బంతుల్ని వదిలేసి నీ వేళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు. నీ ఆట అక్కడితో సరి."

డెల్ తలుపు పిడి మీద చెయ్యేసి నిలబడ్డాడు. కుడిచెయ్యి.

"కార్డు నిలబడితే," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "ఈ ఎండాకాలం ఆపరేషన్ చేయించుకుంటాను. బాగైతే మళ్ళీ వచ్చి ఆడొచ్చు. కార్డు పోతే దేనికోసం కోయించుకోవాలి? బీరు గ్లాసు పట్టుకోడానికి మూడు వేళ్ళు చాలు."

"మరి నోరు మూసుకుని ఆడు."

"మరి నువ్వో? ఓడిపోతే ఏం చేస్తావు?"

"నాకేం, నిక్షేపంలా ఉంటా. టైర్ల కొట్టులో రమ్మంటున్నారు," అన్నాడు గెథిన్. అది అబద్ధం. టైర్ల కొట్టువాడు రమ్మనలేదు, షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. డెల్‌కి మెయిర్ ఉంది, ఇద్దరు కూతుళ్ళున్నారు, మంగళవారం వెళ్ళి పాడే క్వాయర్ ఉంది. తనకి ఈ బల్ల తప్ప ఏముంది? కార్డు పోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి? ఆ మాట డెల్‌తో అనలేదు. కిందికి వంగి, తడి నేల మీద ఊడి పడి ఉన్న డెల్ బూటు లేసు బిగించి కట్టాడు.

"రెండు ముళ్ళు వెయ్యి," అన్నాడు డెల్ పైనుంచి.

"నోర్ముయ్," అన్నాడు గెథిన్.

ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ కలిసి నవ్వి రెండేళ్ళయింది.

విరామం తర్వాత అయిదో ఫ్రేము డెల్ గెలిచాడు. ఆరోది గెథిన్. మూడూ మూడు. ఇక మిగిలింది ఒక్క ఫ్రేము. మిగతా బల్లల దగ్గర ఆటలు ఒక్కొక్కటే ముగిసి, తెరల వెనక దీపాలు ఆర్పేస్తున్నారు. ఎవరు గెలిచారో, ఎవరు పోయారో హాలు చివర బోర్డు మీద పేర్లు మారుతున్నాయి. ఏడో బల్ల దగ్గర నిద్రపోతున్నాయన లేచి ఇంటికెళ్ళిపోయాడు. ముందు వరసలో ఫ్లాస్కు తెచ్చుకున్న ముసలి దంపతులు మాత్రం కదల్లేదు. "వీళ్ళిద్దరూ అన్నదమ్ములా ఏవండీ? ఒకలాగే కూర్చుంటున్నారు," అంది ఆవిడ. "చూడవే, మాట్లాడకు," అన్నాడాయన.

ఆఖరి ఫ్రేములో గెథిన్ ముందున్నాడు. ముందుండి, గెలుపు చేతికందినట్టే ఉన్నప్పుడు పసుపు మీద ఒక చెత్త షాట్ ఆడాడు. బంతి పాకెట్ అంచు మీద ఊగి బయటే నిలబడింది. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. డెల్ లేచాడు.

బల్ల మీద ఇంకా రెండే ఎర్రబంతులు, ఆపైన రంగులు. అన్నీ తెరిచి పెట్టిన సందూకలా ఎదురుగా ఉన్నాయి. ఇప్పుడు క్యూ ఎవడి చేతిలో ఉంటే ఆట వాడిది. డెల్ చేతిలో ఉంది.

మొదటి ఎర్రబంతి సులువుదే గాని తెల్లబంతి పక్కనే రెండో ఎర్రబంతి అడ్డంగా కూర్చుంది. దాని మీదుగా చెయ్యి ఎత్తిపెట్టి, వేళ్ళ మొనల మీద నిలిపి ఆడాలి. డెల్ ఎడమచేతిని బల్ల మీద ఆనించాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిన్నగా నిలబడ్డాయి. మిగతా రెండూ ఎక్కడ వాలాయో వాటికే తెలియాలి. మిసెస్ విట్‌కాంబ్ డెల్ వీపు వెనక ఉంది. గెథిన్ కుర్చీ మాత్రం సరిగ్గా ఎదురుగా ఉంది.

గెథిన్ కళ్ళార్పలేదు. చిటికెన వేలికీ ఎర్రబంతికీ మధ్య బల్ల మీది ఆకుపచ్చ బట్ట కనిపిస్తోంది. సన్నగా కనిపిస్తోంది, అయినా కనిపిస్తోంది. షాట్ ముందూ కనిపించింది, షాట్ అప్పుడూ కనిపించింది. ఎర్రబంతి పాకెట్లో పడింది, తెల్లబంతి దొర్లుకుంటూ నల్లదాని వెనక ముచ్చటగా ఆగింది. వేలు తగల్లేదు.

అయిపోయింది. గెథిన్ తల వాల్చి నేలకేసి చూశాడు. ఇంకో నాలుగు నిమిషాల్లో డెల్ మిగిలినవన్నీ దింపేస్తాడు. చెయ్యి కలపాలి, బాగా ఆడావు అనాలి. తర్వాత రోడ్డుపక్క హోటల్, ఆ తర్వాత ఏమీ లేదు.

తర్వాతి షాట్ చప్పుడు వినిపించలేదు. గెథిన్ తలెత్తాడు.

డెల్ బల్ల మీంచి చెయ్యి తియ్యలేదు. షాట్ ఆడిన భంగిమలోనే వంగి, తన చిటికెన వేలికేసి చూసుకుంటున్నాడు. వేలు బంతి పక్కనే ఉంది. మెల్లగా చెయ్యెత్తి నిటారుగా నిలబడ్డాడు.

"మిసెస్ విట్‌కాంబ్, నా వేలు తగిలిందా?"

రెఫరీ ఆశ్చర్యపోయింది. "నాకు కనబడలేదు. నేను ఫౌల్ అనలేదుగా. మీకు తగిలినట్టు అనిపించిందా?"

డెల్ నవ్వలేక నవ్వాడు. "ఆ ముక్కే చెప్పలేకపోతున్నానమ్మా."

"మీకే తెలియకపోతే ఎలా, మిస్టర్ ప్రోబర్ట్?"

 డెల్ బల్ల మీదుగా గెథిన్ వైపు తిరిగాడు. ఎదుటివాణ్ణి అడగడమనేది ఈ ఆటలో ఎవరూ చెయ్యరు. ముసలాయన ఫ్లాస్కు మూత బిగించడం ఆపేశాడు.

"నువ్వు కూర్చున్న చోట నుంచి కనిపిస్తుంది గెత్," అన్నాడు డెల్. "తగిలిందా?"

"అడగొచ్చు," అంది మిసెస్ విట్‌కాంబ్ కాసేపు ఆలోచించి. "సరిగ్గా చూడగలిగిన చోట ఉన్నవాళ్ళని అడగొచ్చు. చెప్పండి మిస్టర్ రోసర్."

గెథిన్ డెల్ వేలికేసి చూశాడు. లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నాలుక దాకా వచ్చింది కూడా. కాని దాని వెనకే ఇంకొకటి తోసుకొచ్చింది. నాలుగో ఫ్రేములో తగిలిందిగా. అప్పుడు రావలసిన వంతు నాకు రాలేదుగా. అప్పటిదే ఇప్పుడు తీసుకుంటే తప్పేముంది, లెక్క సరిపోతుందిగా. వాడికి ఇల్లుంది, ఇల్లాలుంది. నాకేముంది?

డెల్ ఎదురుచూస్తున్నాడు. ఆ మొహంలో అనుమానం లేదు, బతిమాలడం లేదు. దారి తెలియనివాడు దారి అడిగి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"తగిలింది," అన్నాడు గెథిన్.

డెల్ వెంటనే తలూపాడు. మారు ప్రశ్న వెయ్యలేదు. "ఫౌలమ్మా," అని రెఫరీకి చెప్పి, క్యూ తీసుకుని తన కుర్చీ వైపు వచ్చాడు. రెండు కుర్చీలకీ మధ్య చిన్న బల్ల, దాని మీద రెండు నీళ్ళ గ్లాసులు. కూర్చుంటూ గెథిన్ వైపు వంగాడు.

"బతికించావురా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకెవడన్నా అయితే చెప్పేవాడు కాదేమో. అలా గెలిచి మెయిర్ మొహం ఎలా చూసేవాణ్ణి?"

"ఫౌల్," అంది మిసెస్ విట్‌కాంబ్ హాలు వైపు తిరిగి. "గెథిన్ రోసర్‌కి నాలుగు పాయింట్లు."

ముసలి దంపతులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు డెల్‌కి.

గెథిన్ క్యూ పట్టుకున్నాడు. లేవలేదు. తెల్లబంతి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, గెలుపుకి రెండు షాట్ల దూరంలో. పక్క కుర్చీలో డెల్ కాళ్ళు చాచుకుని, కాలిన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పటి స్నేహితుడి ఆట చూడటానికి తీరిగ్గా వెనక్కి వాలాడు.

"మిస్టర్ రోసర్," అంది రెఫరీ రెండోసారి, "మీరే ఆడాలి."